ఉచ్చు నిండా ఈగలు, కాయ నిండా పురుగులు

ఈ నెల సంచిలో మిరప మీద పదకొండు ఉత్తరాలున్నాయి. దాదాపు అన్నింటిలోనూ 'ఈగ' అన్న మాట ఉంది. తీరా చదివితే అందరూ ఒకే ఈగ గురించి రాయలేదు. ఒకరిది పండు ఈగ, ఒకరిది గాల్ మిడ్జ్ అనే పిందెను ఉబ్బించే దోమలాంటి ఈగ, ఒకాయనది అసలు ఈగే కాదు, శనగపచ్చ పురుగు. మందు పేరు మాత్రం అందరూ అడిగారు. వ్యవసాయ శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి వచ్చినవాణ్ణి. "మందు పేరు చెప్పండి సార్" అని ఎవరైనా అంటే "కాయ కోసి చూశారా?" అని తిరిగి అడగడం నాకు అలవాటైపోయింది. ఇంట్లోవాళ్ళకు కూడా ఇది విసుగే.

ప్రశ్న: సంక్రాంతి వెళ్ళాక పచ్చడి కోసం రెండు కిలోల పండుమిరపకాయలు కొన్నాను. కడిగి, తుడిచి, రాత్రి పాత చీర మీద ఆరబోశాను. తెల్లవారి చూస్తే చీర మీద బియ్యపు నూకంత తెల్ల పురుగులు. ఒకటి నా కళ్ళ ముందే ఎగిరి జానెడు దూరంలో పడింది! పురుగు ఎగరడమేమిటి? మిగిలిన కాయలతో పచ్చడి పెట్టవచ్చా?
— ఒక గృహిణి, సత్తెనపల్లి

జవాబు: అమ్మా, ఆ ఎగరడం చూసి రాశారు కాబట్టి నా పని సగం తగ్గింది. అది పండు ఈగ పిల్ల. బాగా ఎదిగిన పిల్ల ఒంటిని విల్లులా వంచి, నోటి కొక్కెంతో తోక కొసను పట్టుకుని, ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ ఊపుకు గాలిలోకి లేస్తుంది. కాయలో దాని తిండి అయిపోయింది. ఇక మట్టిలోకి దూరి, ఈగగా మారడానికి కోశం కట్టుకోవాలి. చీమలూ పిట్టలూ చూడకముందే చేరాలని తెల్లవారుజామున కాయకు కన్నం చేసుకుని బయటపడుతుంది. చేలో అయితే కింద మట్టి దొరికేది. మీ ఇంట్లో దానికి చీర దొరికింది.

శనగపచ్చ పురుగూ లద్దె పురుగూ ఇలా ఎగరలేవు. వాటికి తల, కాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. అవి దూరిన కాయకు పెద్ద కన్నం, కన్నం దగ్గర పెంట ఉంటాయి. ఈగ పిల్లకు కాళ్ళూ లేవు, తలా లేదు. ఒక కొస సన్నం, రెండోది మొండి. సన్నని కొసలో నల్లగా చుక్కలా కనిపించేదే నోటి కొక్కెం.

పచ్చడి మాటకొస్తే, ముచ్చికలు తీసేటప్పుడు ఒక్కో కాయనూ వేళ్ళతో నొక్కి చూడండి. ఎక్కడైనా సూది గుచ్చినంత మచ్చ, దాని చుట్టూ నీరు పట్టినట్టు మెత్తదనం తగిలితే ఆ కాయను పక్కన పెట్టేయండి. గట్టిగా, నిగనిగలాడే కాయలను నిలువునా చీల్చి, లోపల చూసుకుని వాడుకోవచ్చు. ఆ పిల్లలో విషమేమీ లేదు, చూసిన కళ్ళకే ఇబ్బంది. తీసేసిన కాయలను మాత్రం పెరట్లో విసరకండి. ఎందుకో చివరి ప్రశ్నలో చెబుతాను.

ప్రశ్న: మాది ఎకరంన్నర బజ్జీ మిరప. పక్కనే మా పెదనాన్నగారి మామిడి తోట. కాయల్లో పురుగు పడుతోందని చెబితే పురుగుమందుల దుకాణంలో ఇరవై పండు ఈగ ఉచ్చులు ఇచ్చారు. వారానికోసారి సీసాలు విప్పితే దోసిళ్ళ కొద్దీ ఈగలు. అయినా పండిన కాయల్లో పురుగు తగ్గలేదు. ఇంకో ఇరవై కట్టమంటారా?
— ఒక రైతు, పలమనేరు దగ్గర

జవాబు: ఈ ఉత్తరం రెండు నెలల కిందటిది. అప్పుడే ఒక కార్డు రాశాను: "ఉచ్చులు కొనకండి. పురుగు పట్టిన కాయలు ఒక కిలో ఏరండి. ప్లాస్టిక్ బకెట్ అడుగున నాలుగు వేళ్ళ మందాన తడి ఇసుక పోసి, దాని మీద కాయలు పరచండి. పైన పలుచని గుడ్డ కప్పి తాడుతో బిగించి, నీడలో పెట్టండి. ఇసుక ఎండితే నీళ్ళు చిలకరించండి. పదిహేను, ఇరవై రోజుల్లో గుడ్డ కింద ఈగలు కనిపిస్తాయి. వాటిని, ఉచ్చులో పడ్డవాటిని వేరు వేరుగా పంపండి."

ఆయన నిజంగానే చేశారు. పోయిన వారం రెండు అగ్గిపెట్టెలు వచ్చాయి, లోపల దూది. ఒకదాని మీద 'సీసా', రెండోదాని మీద 'బకెట్' అని పెన్నుతో రాసి ఉంది. మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టి భూతద్దం తీశాను.

రెండూ ఇంచుమించు ఇంటి ఈగంతే. నడుము సన్నగా, వీపు మీద పసుపు గీతలతో చూడగానే చిన్న కందిరీగలా ఉంటాయి. తేడా పొట్ట మీద, రెక్క కొసన ఉంది. సీసాలోని ఈగ పొట్ట మీద నల్లటి అడ్డగీత, దాని మధ్య నుంచి కిందికి ఒక నిలువుగీత. సుత్తి బొమ్మ గీసినట్టుంటుంది. ఇది మామిడికాయను పాడుచేసే పండు ఈగ, బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్. బకెట్ ఈగ పొట్ట మీద ఆ సుత్తి లేదు, మొత్తం ఇటుక రంగే. రెక్క అంచున సాగిన నల్లటి పట్టీ కొసకు వచ్చేసరికి వెడల్పై మచ్చలా ముగిసింది. ఇది బ్యాక్ట్రోసెరా లాటిఫ్రాన్స్, మిరప, వంగ కుటుంబపు కాయలకు అలవాటు పడ్డ ఈగ. దీని పుట్టిల్లు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతమే. ఇక్కడి నుంచి ఎలా వెళ్ళిందో గానీ 1983లో హవాయిలో తేలింది.

మీ ఉచ్చులో ఉన్న మందు మిథైల్ యూజినాల్. ఆ వాసనకు మామిడి పండు ఈగల్లో మగవి వెర్రెత్తిపోతాయి. లాటిఫ్రాన్స్ మగ ఈగకు అది పట్టనే పట్టదు. దానికి వేరే ఎర ఉంది. ఆల్ఫా అయొనాల్ అంటారు. మన దుకాణాల్లో నేనైతే ఎప్పుడూ చూడలేదు. అంటే ఇన్నాళ్ళూ మీ ఇరవై సీసాలు మీ మిరపకు కాక మీ పెదనాన్నగారి మామిడికి కాపలా కాశాయి. ఆయన దగ్గర కూలి అడగండి!

ఇంకో సంగతి. ఉచ్చులో పడేవి మగ ఈగలు, కాయను పొడిచి గుడ్లు పెట్టేది ఆడ ఈగ. మగవాటిని ఏరేస్తే ఆడవి జత లేక గుడ్లు పెట్టలేవన్నది ఆ పద్ధతిలోని లెక్క. కానీ ఒక్క మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకడుతుంది. వందలో తొంభై మగవి చచ్చినా మిగిలిన పది చాలు. ఈ పద్ధతి పూర్తిగా ఫలించిన చోట్లలో ఒకటి 1960లలో పసిఫిక్ సముద్రంలోని రోటా ద్వీపం. విషం, మిథైల్ యూజినాల్ కలిపి నానబెట్టిన పీచు బిళ్ళలను విమానం నుంచి దీవి అంతటా చల్లారు. డోర్సాలిస్ అక్కడ తుడిచిపెట్టుకుపోయింది. చుట్టూ సముద్రం, బయటి నుంచి ఈగ రాదు. మీకు చుట్టూ ఉన్నది సముద్రం కాదు, పెదనాన్నగారి తోట.

అలాగని మిథైల్ యూజినాల్ వ్యర్థమనడం లేదు. ఆ ఉచ్చులను మామిడి తోటలోనే, చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి కడితే అక్కడ పనికొస్తాయి. కొనకుండా చేసుకోవచ్చు కూడా: ఆల్కహాల్ 6 పాళ్ళు, మిథైల్ యూజినాల్ 4 పాళ్ళు, మలాథియాన్ అనే పురుగుమందు 1 పాలు కలిపి, చిన్న ప్లైవుడ్ ముక్కలను రెండు రోజులు అందులో నానబెట్టి, కన్నాలు చేసిన నీళ్ళ సీసాల్లో వేలాడదీయాలి. చేతికి తొడుగు వేసుకోండి. ఇంకో మాట, మిరపను డోర్సాలిస్ ముట్టదని అనుకోకండి. ఇండోనేసియాలో మిరపకు ఆ ఈగ, దాని చుట్టాలే పెద్ద బెడద. అందుకే బకెట్ పెట్టమన్నాను. మీ కాయలోంచి ఏది వచ్చిందో అదే మీ ఈగ.

ఇక చేయవలసింది. మీది బజ్జీ రకం, పచ్చిగానే కోసి అమ్ముతారు. కోతలో తప్పిపోయి, ఆకుల చాటున ఎర్రబడిన కాయలు చెట్టుకు రెండో మూడో మిగులుతాయి. ఈగ పచ్చి కాయనూ పొడుస్తుంది గానీ రంగు తిరిగిన కాయ కనిపిస్తే అసలు వదలదు. ఆ మిగిలిన కాయలే మీ చేలో ఈగల పొదుగుడు గంప. ప్రతి కోతకూ ఒక మనిషిని వాటికోసమే తిప్పండి. తర్వాత గట్లు చూడండి. కామంచి, ఉస్తి, వాకుడు లాంటి మొక్కలు ఉంటే వాటి కాయలు కోసి లోపల చూడండి. మిరప లేని నెలల్లో ఈ ఈగ అలాంటి అడవి చుట్టాల ఇళ్ళలో తలదాచుకుంటుంది. ఆ పక్కనే వంగ ఉన్నా అంతే.

ఆడ ఈగకు గుడ్లు పండాలంటే మాంసకృత్తులు, తీపి కావాలి. దాని బలహీనత అక్కడ ఉంది. 10 లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల బెల్లం, 20 మిల్లీలీటర్ల మలాథియాన్ కలిపి, గట్టు మీద వేసిన మొక్కజొన్న ఆకుల మీద పెద్ద చినుకులు పడేలా అక్కడక్కడా చల్లండి. కాయల మీద కాదు. తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ చల్లండి. బెల్లానికి బదులు ప్రొటీన్ హైడ్రోలైసేట్ (మాంసకృత్తులను విడగొట్టి చేసిన ఎర) దొరికితే ఇంకా మేలు.

చేనంతా తడిసేలా మూడు సార్లు మందు కొట్టానని కూడా రాశారు. పిల్ల కాయ లోపల, కోశం మట్టిలో, పెద్ద ఈగ గట్టు మీద. మీ మందు ఎవరి మీద పడింది? దానికి జవాబు మీ బకెట్ పెట్టెలోనే దొరికింది. ఈగలతో పాటు మూడు సన్నని నల్ల పురుగులు పంపి "ఇవి ఇంకో తెగులా?" అని చీటీ పెట్టారు. తోక వెనక వెంట్రుకలాంటి పొడవైన ముల్లు ఉన్న ఆ కందిరీగ చుట్టాలు మీ స్నేహితులు. ఈగ పిల్ల ఒంట్లోనే పెరిగి, దాన్ని తినేసి బయటికి వస్తాయి. పండు ఈగల మీదికి వదలడానికి హవాయివాళ్ళు 1940ల చివర్లో ఇలాంటివాటిని ఆసియా నుంచి పనిగట్టుకుని తీసుకెళ్ళారు. మీకు ఊరికే వచ్చాయి. మూడు మందు కొట్టుళ్ళ తర్వాత కూడా మూడు మిగిలాయంటే మొండివే.

ప్రశ్న: పిందె పెరగకుండా ఉబ్బి, వంకరపోయి, బుడిపెలా నిలిచిపోతోంది. కోస్తే లోపల చిన్న నారింజ రంగు పురుగు. పండు ఈగకు మందు చెప్పండి.
— ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మీది పండు ఈగ కాదు. గాల్ మిడ్జ్. ఈగ కంటే దోమ అనడమే నయం, అంత సన్నగా ఉంటుంది. వరిలో ఉల్లికోడు తెచ్చేదానికి దగ్గరి చుట్టం. ఇది పూత మీద గుడ్డు పెడుతుంది. పిల్ల అండాశయంలోనే ఉండిపోవడంతో కాయ సాగకుండా ఉబ్బుతుంది. పండు ఈగ పిల్లలా ఇది మట్టిలోకి దిగదు, ఆ బుడిపెలోనే కోశం కడుతుంది. మీ వంకర కాయలను పరీక్షగా చూడండి, కొన్నింటి కన్నంలోంచి గోధుమ రంగు పొట్టు సగం బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ పొట్టు కనిపిస్తే దోమ వెళ్ళిపోయినట్టు. పొట్టు లేని బుడిపెలను కోసి తగలబెడితే తర్వాతి తరం తగ్గుతుంది. ఆలస్యంగా కోసి ప్రయోజనం లేదు.

2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మీ వైపు పూతనంతా ఊడ్చేసినప్పుడు చేతికందిన మందల్లా కొట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ కంగారు ఇప్పుడు వద్దు. వారంపాటు బుడిపెలు ఏరి, లెక్క రాసి పంపండి. తగ్గకపోతే అప్పుడు మందు సంగతి మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా మిద్దె తోటలో తులసి ఆకుల మీద పొద్దున్నే కందిరీగల్లాంటి ఈగలు వాలి, ఆకును నాకుతూ కూర్చుంటున్నాయి. పక్కనే నా పచ్చిమిర్చి కుండీలు. తులసి వల్లే పురుగు వస్తోందని, దాన్ని వేరేచోట పెట్టమని మా వారు అంటున్నారు. మా అత్తగారు ససేమిరా అంటున్నారు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ తగాదాలో నేను మీ అత్తగారి పక్షం. తులసిలో సహజంగానే మిథైల్ యూజినాల్ ఉంటుంది. దానికోసం వచ్చేవి మగ ఈగలు. అవి గుడ్లు పెట్టవు. ఆ పదార్థాన్ని నాకి, ఒంట్లో మార్చుకుని, సాయంత్రం ఆడ ఈగలను పిలిచే పరిమళంగా వదులుతాయి. పెళ్ళిచూపులకు అత్తరు పూసుకోవడం లాంటిది. ఓపిక ఉంటే ఒకదాన్ని దగ్గరగా చూడండి: మూతి ఆకుకు ఆనించి, రెక్కలు విప్పార్చి, వేలు చాపినా కదలనంత మత్తులో ఉంటుంది.

ఈ బలహీనత బయటపడింది మన దేశంలోనే. బిహార్‌లోని పూసాలో పనిచేసిన ఎఫ్.ఎం. హౌలెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడి పొరుగాయన దోమలు రాకుండా సిట్రొనెల్లా నూనె వాడితే, దోమల మాటేమో గానీ పండు ఈగలు వచ్చి ముసురుకున్నాయట. హౌలెట్ దాన్ని పట్టుకుని 1912లో పరిశోధన ప్రచురించాడు. ఆ నూనెలోని మిథైల్ యూజినాలే ఈగలను రప్పిస్తోందని మరి మూడేళ్ళకు తేల్చాడు. పలమనేరు సీసాలకు మూలం ఆ నూనే.

మీ మిర్చి కుండీల మీద దోమతెర గుడ్డ కప్పండి. మిరప తన పుప్పొడితో తానే కాయ కడుతుంది కాబట్టి తెర వల్ల కాపు తగ్గదు. అప్పుడప్పుడు కొమ్మను కాస్త ఊపితే చాలు.

ప్రశ్న: అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు కూడా పండు ఈగలేనా? ప్రాజెక్టు కోసం.
— తొమ్మిదో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: పేరు ఒకటే, వంశం వేరు. అవి డ్రోసోఫిలా. నువ్వుగింజంత ఉంటాయి, మగ్గి పులిసిన పండు మీదికి వస్తాయి. రైతు చేలోని పండు ఈగ మాత్రం చెట్టున ఉన్న మంచి కాయనే పొడుస్తుంది. డ్రోసోఫిలాను తిట్టకు. 1910లో టి.హెచ్. మోర్గన్ అనే శాస్త్రజ్ఞుడు తెల్ల కళ్ళ డ్రోసోఫిలా ఒకదాన్ని గమనించి, జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని తేల్చే దారి పట్టాడు. 1933లో నోబెల్ వచ్చింది. నీ ప్రాజెక్టుకు అరటితొక్క, గాజు సీసా, దూది చాలు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయికి మన పెరటి పండుమిరపకాయలు తీసుకెళ్ళాలని ఉంది. ఒక అరకిలోకు ఏమవుతుంది?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ అరకిలోలో ఒక్క కాయలో గుడ్లుంటే చాలు. మీ అమ్మాయి ఉన్న రాష్ట్రంలోనే, రెడ్‌ల్యాండ్స్ అనే ఊళ్ళో డోర్సాలిస్ కనిపించిందని 2024 ఆరంభంలో రెండు వేలకు పైగా ఇళ్ళ పెరళ్ళలో చెట్ల కాయలన్నీ ప్రభుత్వమే కోయించేసింది. తాజా కాయలు తీసుకెళ్ళి విమానాశ్రయంలో దాచకండి. అక్కడ అడిగినప్పుడు దాచడం కాయ కంటే పెద్ద తప్పు. పచ్చడి పెట్టి సీసాలో బిగించండి. దాన్ని కూడా అక్కడి అధికారులకు చెప్పండి.

ప్రశ్న: రాలిన కాయలు ఏరి పాతిపెట్టమని మీరే రాశారు. పాతాను. ఇంకా ఈగలు వస్తున్నాయి. ఎంత లోతు పాతాలి?
— ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: తప్పు నాది, లోతు రాయకుండా వదిలేశాను. ఈగ పిల్ల ఎలాగూ మట్టిలోకే దిగాలి, రెండు మూడు వేళ్ళ లోతున కోశం కడుతుంది. జానెడు గొయ్యిలో కాయలు పాతితే దానికి శ్రమ తప్పించినట్టే. రెండడుగులకు తగ్గకుండా తవ్వి, మట్టి వేసి తొక్కాలి.

అంత తవ్వే ఓపిక లేనివాళ్ళకు ఇంకో దారి. కాయలను దళసరి నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి చొరకుండా కట్టి, వారం పది రోజులు ఎర్రటి ఎండలో పడేయాలి. లోపలి వేడికి గుడ్డూ పిల్లా కోశమూ అన్నీ ఉడికిపోతాయి. సత్తెనపల్లి అమ్మకు కూడా ఇదే చెబుతున్నాను, ఆమెకు చిన్న సంచి సరిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన పని కూడా చెబుతాను. పురుగు పట్టిన రెండు బుట్టల కాయలు మా క్వార్టర్స్ వెనక ఎరువు గుంటలో పోసి, పైన నాలుగు పారల మట్టి కప్పి, పెద్ద పని చేసినవాడిలా చేతులు దులుపుకున్నాను. మూడు వారాలకు ఆ గుంట పక్కనే ఉన్న మా ఇంటి బజ్జీ మిరపకు ఒక్క మంచి కాయ దక్కలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ గుంట ఎక్కడుండేదో వచ్చినవాళ్ళకు చెబుతూనే ఉంటుంది.